షైలాక్ గురించి తేల్చే ముందు ఆంటోనియో మాటలు వినండి

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. డిగ్రీలో మీకు షేక్‌స్పియర్ నాటకాలు 'ది మర్చంట్ ఆఫ్ వెనిస్', 'ఒథెల్లో' రెండూ పాఠ్యగ్రంథాలు. గైడులు వీటిని ఏ కాలానికైనా వర్తించే మానవ సమస్యలను చిత్రించిన నాటకాలు అంటున్నాయి. మీకు మాత్రం మొదటిది యూదులను వెక్కిరిస్తున్నట్టు, రెండోది నల్లజాతి మనిషిని భార్యను చంపే అనుమానపు మొగుడిగా చూపుతున్నట్టు అనిపించింది. ఇలాంటి దురభిప్రాయాలున్న నాటకాలను నాలుగు వందల ఏళ్ల తరవాత మనమెందుకు చదవాలి, మొదటి నాటకంలోని యూదు వడ్డీ వ్యాపారి గురించి 'షైలాక్ దుర్మార్గుడా, బాధితుడా' అని పరీక్షలో అడిగితే ఏం రాయాలి అన్నది మీ సందేహం.

ఈ నాటకాలను డిగ్రీ తరగతుల్లో చాలాకాలం బోధించాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. మీకు కలిగిన ఇబ్బంది చాలా విలువైనది. గైడులోని ప్రశంసలు చదివి దాన్ని అణచుకోవద్దు. ఈ నాటకాల్లోకి వెళ్లడానికి అంతకన్నా మంచి దారి లేదు.

అయితే ఆ వివక్ష ఎవరి నోట వినిపిస్తోందో గమనించారా? మనకు అలవాటైన కథల్లో చెడ్డ మాటలు చెడ్డవాడే అంటాడు. ఇక్కడ అలా జరగదు. ఊరంతా గౌరవించే వర్తకుడు, తెలివికీ దయకూ పేరుపడ్డ కథానాయిక, సెనేట్‌లో కూర్చునే పెద్దమనిషి, యజమానురాలి కోసం ప్రాణం ఒడ్డిన పరిచారిక, వీళ్లే ఆ మాటలంటారు. ఈ నాటకాలు పాతబడకపోవడానికి నా దృష్టిలో అసలు కారణం అదే. మంచివాళ్లమని మనస్ఫూర్తిగా నమ్ముతూనే మనుషులు ఎదుటివాణ్ని ఎంత దూరం తరమగలరో ఇవి చూపిస్తాయి.

'మర్చంట్' మొదటి అంకం మూడో రంగం తీయండి. ఆంటోనియో వెనిస్‌లో పెద్ద వర్తకుడు. వడ్డీ లేకుండా అప్పులిస్తాడు. స్నేహితుడు బసానియో కోసం ఏమైనా చేస్తాడు. బసానియోకు పోర్షియా అనే సంపన్న యువతిని పెళ్లాడటానికి వెళ్లాలని ఉంది, చేతిలో డబ్బు లేదు. ఆంటోనియో సొమ్మంతా ఓడల్లో సముద్రం మీద ఉంది. అందుకని మూడు నెలల గడువుతో మూడు వేల డ్యూకట్లు కావాలని యూదుడైన షైలాక్ దగ్గరికి వస్తారు. అప్పుడు షైలాక్ తన మనసులోది బయటపెడతాడు. వర్తకులు చేరే రియాల్టోలో పదిమంది ముందు నన్ను తిట్టావు, కుక్క అన్నావు, నా బట్టల మీద, గడ్డం మీద ఉమ్మావు, కాలితో తన్నావు, ఇప్పుడు డబ్బు కావాలంటున్నావు, కుక్క దగ్గర డబ్బుంటుందా అని అడుగుతాడు.

చెయ్యి చాపి వచ్చిన మనిషి ఏమనాలి? కనీసం మాట తప్పించాలి. ఆంటోనియో మాత్రం, మళ్లీ అలాగే పిలుస్తాను, మళ్లీ ఉమ్ముతాను, మళ్లీ తంతాను అంటాడు. ఈ అప్పు స్నేహితుడికి ఇచ్చినట్టు ఇవ్వొద్దు, శత్రువుకు ఇచ్చినట్టు ఇవ్వు, గడువు తప్పితే మొహమాటం లేకుండా జరిమానా వసూలు చేసుకోవచ్చు అని కూడా తనే అంటాడు. గడువు తప్పితే ఆంటోనియో ఒంటి నుంచి పౌండు మాంసం కోసుకోవచ్చన్న పత్రం పుట్టింది ఈ మాటల తరవాతే. ఒక యూదుడి మీద ఉమ్మడం ఆంటోనియో మంచితనానికి అడ్డురాని పని. ఆ ఊళ్లో ఎవరి దృష్టిలోనూ అది అతని పరువు తగ్గించలేదు.

షైలాక్‌ను నేను వెనకేసుకురావడం లేదు. ఈ ఆంటోనియో క్రైస్తవుడు గనక నాకు ఇతనంటే ద్వేషం, వడ్డీ లేకుండా అప్పులిచ్చి నా వ్యాపారం చెడగొడుతున్నాడు గనక మరీ ద్వేషం అని షైలాక్ తనలో తాను అనుకునేది కూడా ఈ రంగంలోనే. మీతో కొంటాను, అమ్ముతాను, మాట్లాడతాను, కలిసి నడుస్తాను, కానీ మీతో కలిసి తినను, తాగను, ప్రార్థన చేయను అంటాడు. ఎవరి చేతి వంట తినవచ్చు, ఎవరి పక్కన కూర్చోవచ్చు అన్న లెక్కల్లో పుట్టి పెరిగిన మనకు ఈ వాక్యం ఏ వ్యాఖ్యానమూ లేకుండానే అర్థమవుతుంది.

తెలుగు పాఠకులకు ఈ నాటకంతో ఇంకో చిక్కుంది. మనం షైలాక్‌ను యూదుడిగా కాక వడ్డీ వ్యాపారిగా చదువుతాం. మన పల్లెల్లో వడ్డీకి పొలాలు పోగొట్టుకున్న కుటుంబాలు లెక్కలేనన్ని. కాబట్టి అప్పిచ్చినవాడు ఓడిపోతే మనకు సంతోషం కలుగుతుంది. మన పత్రికలు కూడా రైతుల రక్తం పీల్చే వడ్డీ వ్యాపారులను 'షైలాక్‌లు' అని రాస్తుంటాయి. యూదులు మన చుట్టుపక్కల దాదాపు లేరు గనక ఆ పేరు ఒక జాతి మీద వేసిన ముద్ర అన్న స్పృహే మనకు రాదు. దానికి తోడు మనలో చాలామందికి ఈ కథ తెలిసింది చార్ల్స్ లాంబ్, మేరీ లాంబ్ 1807లో పిల్లల కోసం రాసిన సంక్షిప్త కథ ద్వారా, లేదా దాన్నుంచి వచ్చిన ఉపవాచకాల ద్వారా. అందులో కథ మొదలయ్యేదే షైలాక్ అనే యూదుడు అధిక వడ్డీలతో గడించినవాడు అన్న పరిచయంతో. పోర్షియాకు వరుణ్ని తేల్చే పెట్టెల పరీక్ష లేదు. ఆ పరీక్షకు వచ్చే మొరాకో రాజకుమారుడు లేడు. మిగిలింది ఒక పిసినారి, ఒక తెలివైన తీర్పు.

షైలాక్ వడ్డీ వ్యాపారి ఎందుకయ్యాడన్నది కూడా చూడాలి. మధ్యయుగ యూరప్‌లో చాలాచోట్ల యూదులు భూమి కొనకూడదు, వృత్తి సంఘాల్లో చేరకూడదు. వడ్డీ తీసుకోవడం పాపమని చర్చి క్రైస్తవులకు చెప్పింది. అప్పు లేకుండా రాజుకూ వర్తకుడికీ గడవదు. కాబట్టి మిగిలిన ఆ ఒక్క పనిని యూదులకు వదిలిపెట్టి, ఆ పని చేస్తున్నందుకే వాళ్లను అసహ్యించుకున్నారు. వెనిస్ ప్రభుత్వం 1516లో యూదులను ఒక ప్రత్యేక పేటలో ఉంచి, రాత్రిపూట గేట్లు మూయించింది. 'ఘెట్టో' అన్న పేరు అక్కడిదే. ఊరి చివర వాడలు చూసిన మనకు ఆ గేట్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు.

ఇంగ్లండు పరిస్థితి ఇంకా విచిత్రం. మొదటి ఎడ్వర్డ్ రాజు 1290లో యూదులందరినీ దేశం నుంచి వెళ్లగొట్టాడు. వాళ్లు మళ్లీ బహిరంగంగా స్థిరపడటం 1656లో క్రామ్వెల్ కాలంలో మొదలైంది. షేక్‌స్పియర్ ఈ నాటకం రాసింది 1596, 1598 మధ్య. అంటే ఆనాటి ప్రేక్షకుల్లో చాలామంది తెలిసి ఒక్క యూదుణ్ని కూడా చూసి ఉండరు. లండన్‌లో ఉన్న కొద్దిమంది పైకి క్రైస్తవులుగానే బతికారు. వాళ్లలో ఒకడు రోడెరిగో లోపెజ్, పోర్చుగల్ నుంచి వచ్చిన వైద్యుడు, సాక్షాత్తూ ఎలిజబెత్ రాణికి చికిత్స చేసినవాడు. రాణికి విషం పెట్టబోయాడన్న నేరం మోపి 1594 జూన్‌లో అతణ్ని లండన్‌లో మరణశిక్షలు అమలుచేసే టైబర్న్‌లో చంపారు. ఏసుక్రీస్తును ఎంత ప్రేమిస్తానో రాణిని అంత ప్రేమిస్తాను అని అతను చివరిగా అంటే, యూదుడి నోట ఆ మాట విని జనం నవ్వారని విలియం కామ్డెన్ తన చరిత్రలో రాశాడు. అతను ఎప్పుడో క్రైస్తవం తీసుకున్నవాడు. అయినా జనానికి అతను యూదుడే.

మరి లండన్ ప్రేక్షకులు అప్పులు ఎవరి దగ్గర తీసుకునేవారు? తోటి క్రైస్తవుల దగ్గరే. 1571 నాటి చట్టం నూటికి పది దాకా వడ్డీని చూసీచూడనట్టు వదిలేసింది. షేక్‌స్పియర్ తండ్రి జాన్ మీదే అధిక వడ్డీ తీసుకున్నాడని 1570లో కేసు పెట్టారు. ఇంట్లో జరిగే పనికి పరాయివాడి ముఖం తగిలించి రంగస్థలం మీద నిలబెడితే చూడటం సుఖంగా ఉంటుంది. నాటకం ఆ సుఖాన్ని ప్రేక్షకుడికి ఇస్తుంది. ఆ మాట దాచకూడదు.

ఇప్పుడు పోర్షియా దగ్గరికి రండి. ఆమె గురించి రాసేటప్పుడు మీరు ఎక్కువ జాగ్రత్తపడాలి, ఎందుకంటే ఆమెను మనం మొదటి నుంచీ ప్రేమిస్తాం. తండ్రి వీలునామా ప్రకారం బంగారు, వెండి, సీసపు పెట్టెల్లో సరైనదాన్ని ఎంచుకున్నవాణ్నే ఆమె పెళ్లాడాలి. మొరాకో రాజకుమారుడు వస్తున్నాడని తెలియగానే, అతనికి సాధువు గుణాలున్నా దెయ్యం రంగు ఉంటే వద్దంటుంది. అతను ఎదురుగా వచ్చి, నా ఒంటి రంగు చూసి నన్ను కాదనకండి అంటే, మీరూ అందరిలాంటి వారే అని మర్యాదగా చెబుతుంది. అతను ఓడిపోయి వెళ్లగానే, ఆ రంగువాళ్లందరూ ఇలాగే ఎంచుకుందురు గాక అంటుంది. ముందొక మాట, ఎదుట ఒక మాట, వెనక ఒక మాట. మగ న్యాయవాది వేషంలో కోర్టుకొచ్చి కరుణ గురించి అంత గొప్ప ప్రసంగం చేసింది కూడా ఈ మనిషే. ఈ రెంటిలో ఒకటి నటన అనుకుంటే పోర్షియా మనకు అర్థం కాదు. రెండూ ఆమెవే.

ఓడలు పోయాయన్న వార్తలతో ఆంటోనియో గడువు తప్పాడు, షైలాక్ పత్రం పట్టుకుని కోర్టుకెక్కాడు. నాలుగో అంకంలోని ఆ కోర్టు రంగాన్ని మన కాలేజీ వార్షికోత్సవాల్లో తరతరాలుగా వేస్తున్నారు. రక్తం చుక్క పడకుండా మాంసం కోసుకో అనగానే చప్పట్లు మోగుతాయి. ఆ చప్పట్ల హోరులో ఆ తరవాతి వాక్యాలు వినపడవు. షైలాక్ ఓడి, అసలైనా ఇవ్వండి అంటే ఇవ్వరు. సరే వెళ్లిపోతానంటే పోర్షియా ఆపుతుంది. వెనిస్‌లో ఇంకో చట్టం ఉంది, పరదేశి ఎవడైనా పౌరుడి ప్రాణం తీయడానికి ప్రయత్నిస్తే అతని ఆస్తిలో సగం ఆ పౌరుడికి, సగం ఖజానాకు పోతుంది, ప్రాణం నగర పాలకుడైన డ్యూక్ దయ మీద ఆధారపడుతుంది అంటుంది. పరదేశి ఎవరు? అదే ఊళ్లో ఇల్లు, వ్యాపారం ఉన్న షైలాక్. అంతకు ముందు మూడో అంకంలో ఆంటోనియో స్వయంగా చెప్పాడు, పరదేశులకు ఇక్కడ న్యాయం నిరాకరిస్తే నగర వాణిజ్యం దెబ్బతింటుంది గనక డ్యూక్ చట్టాన్ని కాదనలేడని. అంటే వ్యాపారం దాకా అందరికీ ఒకే చట్టం. ఆ హద్దు దాటితే వేరే చట్టం ముందే రాసిపెట్టి ఉంది, అవసరమైనప్పుడు తీయడానికి. కేసు తిరగబడ్డాక పోర్షియా నోట షైలాక్ పేరు వినిపించదు, 'యూదుడా' అన్న పిలుపే వినిపిస్తుంది.

ఆ తరవాత నాటకం మొత్తంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టే ఘట్టం వస్తుంది. నువ్వేం కరుణ చూపిస్తావని ఆంటోనియోను అడుగుతారు. అతను ఆస్తి విషయంలో కొంత సడలించి, షైలాక్ వెంటనే క్రైస్తవుడు కావాలని షరతు పెడతాడు. ఒక మనిషి దేవుణ్నీ, తన వాళ్లనూ, తన పూర్వీకులనూ ఒక్క వాక్యంతో లాక్కోవడం అక్కడ శిక్షగా కాదు, కరుణగా లెక్కకు వస్తుంది. ఆంటోనియో దాన్ని మేలనే నమ్ముతున్నాడు. క్రైస్తవుడైతే ఆత్మకు మోక్షం దక్కుతుందని ఆనాటి ప్రేక్షకులు కూడా నమ్మి ఉంటారు. ఎదుటివాడికి మేలు చేస్తున్నామన్న నమ్మకంతో చేసే హింసను ఇంత స్పష్టంగా చూపిన రంగం నేను ఎక్కువగా చదవలేదు. ఒప్పుకున్నాను, నాకు ఒంట్లో బాగాలేదు, వెళ్లనివ్వండి అని షైలాక్ వెళ్లిపోతాడు. ఐదో అంకంలో అతను లేడు.

మతం మారితే అంతా సర్దుకుంటుందా? కూతురు జెస్సికాను చూడండి. క్రైస్తవుడైన లొరెంజోను ప్రేమించి, తండ్రి సొమ్ము తీసుకుని ఇల్లు వదిలి, క్రైస్తవురాలైంది. పోర్షియా ఇంటికి వచ్చినప్పుడు బసానియో స్నేహితుడు గ్రాషియానో ఆమెను అవిశ్వాసి అనీ, పరాయిపిల్ల అనీ అంటాడు. లాన్సెలాట్ అనే సేవకుడు, యూదులందరూ క్రైస్తవులైతే పంది మాంసం ధర పెరిగిపోతుందని ఆమె ముందే హాస్యమాడతాడు. అదే లాన్సెలాట్ వల్ల ఒక మూర్ (నల్లజాతి) స్త్రీ గర్భవతి అయిందని ఒక్క వాక్యంలో తెలుస్తుంది. ఆమె రంగస్థలం మీదికి రాదు, పేరు కూడా లేదు, ఆమె మాట ఒక జోకుగా ముగిసిపోతుంది. నాటకం నవ్విస్తూ దాటేసిన చోట్ల ఒకసారి ఆగి చూడండి.

'యూదుడికి కళ్లు లేవా' అన్న ప్రసంగం గురించి తప్పక రాస్తారు. దాన్ని సగంలో ఆపవద్దు. మానవత్వం గురించిన గొప్ప వాక్యాలుగా పోస్టర్ల మీద వేసేది మొదటి సగం మాత్రమే. పొడిస్తే మాకు రక్తం రాదా, విషం పెడితే చావమా అన్న తరవాతి మెట్టు, అన్యాయం చేస్తే పగ తీర్చుకోమా అన్నది. మీరు నేర్పిన దుర్మార్గాన్నే నేను ఆచరిస్తాను అని ముగిస్తాడు. అవమానం మనిషిని తప్పనిసరిగా ఉదాత్తుడిగా మార్చదని షేక్‌స్పియర్‌కు తెలుసు. బాధితుడంటే నోరెత్తని సాధువై ఉండాలని కోరుకునేవాళ్లకు షైలాక్ మింగుడుపడడు.

కోర్టులో అతను అడిగిన ఒక ప్రశ్నకు మాత్రం నాటకంలో ఎవరూ జవాబు చెప్పలేదు. మీరు డబ్బిచ్చి కొన్న బానిసలున్నారు, వాళ్లతో గాడిదల్లా చాకిరీ చేయించుకుంటున్నారు, వాళ్లను విడిచిపెట్టండి, మీ పిల్లలనిచ్చి పెళ్లి చేయండి అని నేనంటే, బానిసలు మావాళ్లు అంటారు కదా, ఈ పౌండు మాంసం కూడా నేను కొన్నదే అంటాడు. డ్యూక్ దానికి బదులివ్వకుండా, కోర్టును వాయిదా వేయగలనంటూ మాట మారుస్తాడు. ఆనాటి ద్వేషాన్ని వాడుకుని నవ్వించిన నాటకమే ఆ ద్వేషానికి గురైనవాడి నోట జవాబు లేని ప్రశ్న పెట్టింది. ఈ రెంటినీ పక్కపక్కన నిలబెట్టి రాయండి. ఒకదానితో ఇంకొకదాన్ని కొట్టేయవద్దు.

రంగస్థల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. మొదట్లో షైలాక్‌ను హాస్య పాత్రగా వేసేవారు. 1741లో లండన్‌లోని డ్రూరీ లేన్ థియేటరులో చార్ల్స్ మాక్లిన్ అతణ్ని భయపెట్టే మనిషిగా మార్చాడు. 1814లో అదే థియేటరులో ఎడ్మండ్ కీన్ జనంలో జాలి పుట్టించాడు. 1943లో నాజీల ఏలుబడిలోని వియన్నాలో వెర్నర్ క్రౌస్ అతణ్ని అసహ్యం కలిగించేలా ప్రదర్శించాడు. ఆ సంవత్సరాల్లో బయట యూదులకు ఏం జరుగుతోందో మనకు తెలుసు. ఈ నాటకాన్ని అందుకు వాడుకోవడం వీలైందంటే అందుకు కావలసింది అందులో ఉన్నట్టే.

'ఒథెల్లో'కు వస్తే, వివక్ష అంతా ఒథెల్లో కింద పనిచేస్తూ అతని మీద కుట్ర పన్నే ఇయాగో పని అని గైడులు తేల్చేస్తాయి. మొదటి అంకం ఆ మాటను ఒప్పుకోదు. ఒథెల్లో మూర్ జాతివాడు, వెనిస్ సైన్యాధిపతి. సెనేటర్ బ్రబాన్షియో అతణ్ని తరచూ ఇంటికి పిలిచి, అతని యుద్ధాల కథలు చెప్పించుకుని ఆనందించాడు. కూతురు డెస్డిమోనా ఆ కథలు విని అతణ్ని ప్రేమించి పెళ్లాడిందని తెలియగానే, మంత్రం వేయకపోతే, మందు పెట్టకపోతే నా కూతురు ఆ నల్లటి రొమ్ము మీదికి ఎలా వెళుతుందంటాడు. ఇంటికి పిలవవచ్చు, భోజనం పెట్టవచ్చు, పిల్లనివ్వడం మాత్రం ఊహకే అందదు. మనవైపు చదువుకున్న, మర్యాదస్తులైన తండ్రులు కులం కాని అల్లుణ్ని ఏమేం చేయించారో పత్రికల్లో చదివాం. బ్రబాన్షియోను అర్థం చేసుకోవడానికి మనకు పదహారో శతాబ్దపు వెనిస్ అక్కర్లేదు.

బ్రబాన్షియో ఫిర్యాదు విన్న సెనేట్ ఒథెల్లోకు న్యాయం చేసినట్టే కనిపిస్తుంది. కానీ ఆ రాత్రే టర్కీ నౌకలు సైప్రస్ మీదికి వస్తున్నాయన్న వార్త అందింది, ఒథెల్లో లేకుండా యుద్ధం సాగదు. ఆ నౌకలు రాకపోయి ఉంటే తీర్పు ఇలాగే ఉండేదా? డ్యూక్ మెచ్చుకోవడం కూడా, నీ అల్లుడు నల్లవాడి కంటే ఎక్కువగా తెల్లవాడే అని. పొగడ్తలోనే తక్కువచూపు దాగి ఉంది. ఆనాటి లండన్ కూడా అంతే. 1596లో నల్లజాతివాళ్లను దేశం నుంచి పంపించేయమని రాణి ప్రభుత్వం లేఖలు రాసింది. 1600లో స్పెయిన్‌కు వ్యతిరేకంగా పొత్తు కోసం వచ్చిన మొరాకో రాయబారి అబ్దుల్ వాహిద్‌కు అదే రాణి ఘనంగా ఆతిథ్యమిచ్చింది. 'ఒథెల్లో'ను 1604 నవంబరు 1న వైట్‌హాల్‌లో రాజు ముందు ఆడారు.

సెనేట్ నుంచి వెళుతూ బ్రబాన్షియో, తండ్రిని మోసం చేసింది, నిన్నూ చేయవచ్చు అని ఒథెల్లోతో అంటాడు. ఇయాగో అక్కడే ఉన్నాడు. మూడో అంకం మూడో రంగంలో అతను వాడింది ఆ వాక్యాన్నే. తండ్రిని మోసం చేసి కదా మిమ్మల్ని పెళ్లాడింది అంటాడు. తన దేశం, తన రంగు, తన అంతస్తు గల సంబంధాలను కాదనడం ప్రకృతికి విరుద్ధం కదా అంటాడు. ఇయాగో కొత్తగా ఏమీ పుట్టించలేదు. పెద్దమనుషులు అన్న మాటలను తీసుకుని, ఒథెల్లో చెవిలో వేశాడు. అప్పుడు ఒథెల్లో ఒంటరిగా నిలబడి, నేను నల్లవాణ్ని కాబట్టేమో, నాగరికుల మాటతీరు నాకు లేదు కాబట్టేమో అనుకుంటాడు. మచ్చపడ్డ పేరు తన ముఖంలా నల్లబడిందంటాడు. ఆ క్షణం నుంచి ఇయాగో అక్కర్లేదు. చుట్టూ ఉన్నవాళ్లు తనను చూసే చూపుతో ఒథెల్లో తనను తాను చూసుకోవడం మొదలుపెట్టాడు. డెస్డిమోనా కర్చీఫ్‌ను ఇయాగో తప్పుడు సాక్ష్యంగా వాడుకునే కథ అంతా దాని తరవాతిది. ఎంత చదువుకున్నా, ఎంత ఎదిగినా, తను అక్కడ ఉండదగినవాణ్ని కానేమో అన్న అనుమానం లోపల మిగిలిపోయినవాళ్లకు ఈ రంగం చదవడం కష్టం. నా విద్యార్థుల్లో అలాంటివాళ్లు ఉండేవారు, ఈ రంగం వచ్చినప్పుడు తరగతిలో అందరికన్నా నిశ్శబ్దంగా వినేది వాళ్లే.

భార్యను చంపిన నేరం మాత్రం ఒథెల్లోదే. డెస్డిమోనాను ఒక్కసారి సూటిగా అడిగి, ఆమె జవాబు నమ్మి ఉంటే చాలు. ఆడదాని మాటకు విలువ లేకపోవడం ఈ నాటకంలో రంగు వివక్షతో ముడిపడి నడుస్తుంది. భర్తల్లాగే భార్యలకూ ఇష్టాలు, కోపాలు ఉంటాయని నాలుగో అంకంలో అంత ధైర్యంగా మాట్లాడిన ఎమిలియా, ఇయాగో భార్య, డెస్డిమోనా పరిచారిక, ఐదో అంకంలో డెస్డిమోనా ప్రియుడని ఇయాగో నమ్మించిన సైనికాధికారి కాసియో గాయపడగానే, ఇయాగో మాట నమ్మి కాసియో ప్రియురాలు బియాంకాను కులట అని తిడుతుంది. నేనూ మీలాగే నిజాయితీగా బతుకుతున్నదాన్ని అంటుంది బియాంకా. ఎవరూ వినిపించుకోరు. చివరికి ఇయాగో కుట్రను బయటపెట్టి, భర్త కత్తికి బలయ్యేది కూడా ఆ ఎమిలియాయే.

ఈ నాటకం బయట జరిగింది కూడా నాటకంలో భాగమే అనిపిస్తుంది. 1693లో థామస్ రైమర్ అనే విమర్శకుడు, పెద్దింటి కన్నెపిల్లలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా నల్లవాళ్లతో లేచిపోకూడదన్నది ఇందులోని మొదటి నీతి అని రాశాడు. న్యూయార్క్‌లో పుట్టిన నల్లజాతి నటుడు ఐరా ఆల్డ్రిడ్జ్ 1833 ఏప్రిల్‌లో లండన్‌లోని కోవెంట్ గార్డెన్ థియేటరులో ఒథెల్లో వేశాడు. డెస్డిమోనాగా వేసిన ఎలెన్ ట్రీని అతను తాకడం ఆమెకు అవమానమన్న అర్థంలో 'ఎథీనియం' పత్రిక రాసింది. రెండు రాత్రులతో ఆ ప్రదర్శనలు ఆగిపోయాయి. బానిసత్వాన్ని రద్దు చేసే చట్టాన్ని బ్రిటిష్ పార్లమెంటు ఆమోదించిన సంవత్సరం కూడా అదే. ఆల్డ్రిడ్జ్ ఆ తరవాత యూరప్ అంతా తిరిగి గౌరవాలు పొందాడు. పాల్ రోబ్సన్ 1930లో లండన్‌లో ఈ పాత్ర వేశాడు, 1943లో మొదలైన అతని బ్రాడ్వే ప్రదర్శన 296 సార్లు జరిగింది. 1987లో వర్ణవివక్ష నడుస్తున్న దక్షిణాఫ్రికాలో, జొహన్నెస్‌బర్గ్ మార్కెట్ థియేటరులో జానెట్ సుజ్మన్ దర్శకత్వంలో జాన్ కానీ ఒథెల్లోగా నిలబడ్డాడు. నల్లవారికీ తెల్లవారికీ మధ్య పెళ్లిని నిషేధించిన చట్టం అక్కడ రద్దయి అప్పటికి రెండేళ్లే.

ఇంకా చదవాలనిపిస్తే రెండు ఆధునిక నాటకాలు చెబుతాను. 1922లో వచ్చిన జాన్ గాల్స్‌వర్దీ 'లాయల్టీస్'లో డి లెవిస్ అనే యూదు యువకుడి డబ్బు ఒక పెద్దింట్లో పోతుంది. తీసినవాడు కెప్టెన్ డాన్సీ. డి లెవిస్ చెప్పింది నిజమే అయినా, చుట్టూ ఉన్న మర్యాదస్తులంతా తమవాడి పక్కనే నిలబడతారు. వాళ్లలో ఎవరూ దుర్మార్గులు కారు. ఒక్కొక్కరికీ ఒక విధేయత ఉంది, స్నేహితుడికో, సైన్యానికో, భర్తకో. ఇవి దురభిప్రాయాలో విధేయతలో తెలియడం లేదు, అత్యుత్తమ ఉద్దేశాలతోనే ఒకరి గొంతు ఒకరం కోసుకుంటున్నాం అని అందులో ఒక పాత్ర అంటుంది. రెండోది బెర్నార్డ్ షా 'పిగ్మేలియన్', 1913లో వియన్నాలోనూ 1914లో లండన్‌లోనూ ప్రదర్శించారు. పూలమ్మే ఎలైజాను ఉచ్చారణ మార్చి దొరసానిని చేస్తాడు ప్రొఫెసర్ హిగ్గిన్స్. దొరసానికీ పూలమ్మికీ తేడా ఆమె నడుచుకునే తీరులో లేదు, ఆమెను ఇతరులు చూసే తీరులో ఉంది అంటుంది ఎలైజా. మన సినిమాల్లో చాలాకాలం తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర మాటతీరు హాస్యగాళ్లకూ రౌడీలకూ పనివాళ్లకూ మాత్రమే దక్కింది కాబట్టి, ఆ మాటలోని బాధ మనకు కొత్త కాదు.

ఇక మీ పరీక్ష ప్రశ్న. దుర్మార్గుడా, బాధితుడా అంటే రెంటిలో ఒకటి ఎంచుకోవద్దు. షైలాక్ కత్తి నూరుతున్నాడని రాయండి, ఆ కత్తి కోర్టు దాకా ఎలా వచ్చిందో కూడా రాయండి. ఆంటోనియో మొదటి అంకపు మాటలు, పోర్షియా మొరాకో గురించి అన్నవి, పరదేశి చట్టం, మతమార్పిడి షరతు, ఈ నాలుగింటినీ వరసగా పెడితే మీ వ్యాసం నిలబడుతుంది. ఇది షేక్‌స్పియర్ ఉద్దేశమా కాదా అన్న చర్చలోకి దిగవద్దు, అందుకు ఆధారాలు దొరకవు. రంగంలో ఎవరు ఏమన్నారు, ఎవరు నవ్వారు, ఎవరు బదులివ్వలేదు అన్నదానికి మాత్రం ప్రతి పేజీలో ఆధారం ఉంది. సమయం తక్కువగా ఉంటే 'మర్చంట్'లో మొదటి అంకం మూడో రంగం, మూడో అంకం మొదటి రంగం, నాలుగో అంకం మొదటి రంగం, 'ఒథెల్లో'లో మొదటి అంకం మూడో రంగం, మూడో అంకం మూడో రంగం మూలంలోనే చదవండి. ఇంగ్లీషు కష్టమనిపిస్తే ఎదురు పేజీలో అర్థాలిచ్చే ప్రతులు దొరుకుతాయి, వాటిలో ఒకటి కొనుక్కోండి. సంక్షిప్త కథల మీద మాత్రం ఆధారపడవద్దు.